ఎలునెద్ వదిన మెచ్చుకోలు

మా వదిన ఎలునెద్ మీద నాకు కోపం వచ్చి పదకొండు నెలలైంది. ఇంకా పూర్తిగా తగ్గలేదు. నా మీద నాకు వచ్చిన కోపమైతే అసలు తగ్గలేదు. కాబట్టి ఇది చల్లగా, నెమ్మదిగా చెప్పే కథ అనుకోకండి.

వదిన అంటే మా ఆయన ఎమ్రిస్‌కి అక్క. వెల్ష్ మాట్లాడే మా ఊరు పోర్త్ హెలిగ్‌లో, సముద్రానికి దిగే సందు మొదట్లో ఉన్న కొట్టు ఆవిడదే. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరికి రొట్టె, పాలు, వెన్న, వానకోట్లు అన్నీ అక్కణ్ణుంచే. ఆ గల్లా ముందు ఒక నియమం ఉంది. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు మా వెల్ష్ భాషలో "బోరె దా" అనాలి, శుభోదయం అని. అంటేనే రొట్టె. సెలవులు గడపడానికి వచ్చే ఇంగ్లీషువాళ్లలో కొందరు నవ్వుతూ అనేవారు. కొందరు మూతి ముడుచుకుని వెళ్లిపోయేవారు. అలా పోయేవాళ్ల వెనకాలే వదిన గుమ్మం దాకా వచ్చి మరీ దులిపేది.

"ఫ్రాన్సు వెళ్తే వాళ్ల మాట రెండు ముక్కలు నేర్చుకుని పోతావు. స్పెయిన్ వెళ్తే అక్కడివీ రెండు ముక్కలు నేర్చుకుంటావు. మా దేశం వచ్చేసరికి మాత్రం నోరు పడిపోతుందా నాయనా?"

ఆ తిట్లు వినడానికే పనిలేకపోయినా కొట్టుకి వెళ్లేవాళ్లం మేం.

ఆ కోపం ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు. వాళ్ల నాన్న బస్సు నడిపేవాడు. బస్సు నిండా మా వాళ్లే ఉండేవారు. దారిలో ఒక్క ఇంగ్లీషాయన ఎక్కితే చాలు, నలభై మందీ ఇంగ్లీషులోకి మారిపోయేవారు. ఆయనతో మాట్లాడటానికి కాదు, తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా! ఏడేళ్ల వదిన ఒకసారి అలాంటి పెద్దమనిషి ఎదుట వెల్ష్‌లో ఏదో అడిగిందని వాళ్లమ్మ చెంప పగలగొట్టింది. "వచ్చినవాళ్లకి అర్థంకాని మాట వాళ్ల ముందు మాట్లాడతావా, సిగ్గులేదూ?" అని. మా ఊళ్లో దాన్ని మర్యాద అనేవారు. ఇప్పటికీ అంటారు.

ఇరవై రెండేళ్లప్పుడు వదిన రంగుడబ్బా, కుంచె పట్టుకుని బయల్దేరి, దారి పొడుగునా ఇంగ్లీషు పేర్లున్న బోర్డులన్నిటికీ ఆకుపచ్చ రంగు పూసింది. రెండు రోజులు పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ కథ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, అక్కడిచ్చిన టీ చల్లారిపోయిన సంగతితో సహా. అలాంటి మనిషి అంటే ఊరికి గర్వం ఉండదూ? నాకూ ఉండేది.

కిందటి జూలైలో, ఒక శుక్రవారం, నెలిదా ప్యూ వచ్చింది.

మా ఇంట్లో మేడ మీద మూడు గదులు సెలవులకి వచ్చేవాళ్లకి ఇస్తాం. నెలిదాకి గది కావాలని వచ్చిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. రాసింది ఆవిడ మేనల్లుడని నాకు తర్వాత తెలిసింది. చిరునామా పటగోనియా, అర్జెంటీనా అని ఉంది. ఆ పేరు చూడగానే నా బుర్రలో దీపం వెలగాలి. నూట అరవై ఏళ్ల కిందట, ఇక్కడే ఉంటే మన భాష బతకదని మా వాళ్లు కొందరు ఓడెక్కి పోయి స్థిరపడ్డది అక్కడే. వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ ఇంట్లో మా మాటే మాట్లాడతారు. ఇదంతా మేం బళ్లో చదువుకున్నాం, పరీక్షలో రాశాం. చదివి ఏం లాభం?

నెలిదాకి యాభై దాటాయి. కుట్టుపని చేసుకునే మనిషి. చామనఛాయ, నల్లటి జడ. ఇంట్లో వెల్ష్, బజారులో స్పానిష్, అంతే. ఇంగ్లీషు ముక్క రాదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో వెల్ష్ పలికేవాళ్లు లేకుండా పోయారు. ఎనిమిది రోజులపాటు కడుపునిండా ఆ మాట మాట్లాడుకోవాలని, ఏళ్ల తరబడి దాచుకున్నదంతా పెట్టి విమానం ఎక్కింది. ఇంకేమీ చూడటానికి రాలేదు.

గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నావమ్మా? నేనే నెలిదాను," అంది వెల్ష్‌లో. నేనేం చేశాను? పళ్లు ఇకిలించి, "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా?" అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ మళ్లీ మా మాటలోనే ఏదో అంది. నేను ఇంకా గట్టిగా, ఒక్కొక్క మాటా విడగొట్టి, చెవిటివాళ్లకి చెప్పినట్టు ఇంగ్లీషులోనే చెప్పాను. ఆ యాస వేరుగా ఉంది, ఆ మొహం వేరుగా ఉంది. అంతకుమించి నా దగ్గర కారణం లేదు.

నేనొక్కదాన్నే అయితే బాగుండేది. బస్సు డ్రైవరూ అంతే, సారా కొట్టులో పోసేవాడూ అంతే. ఆదివారం చర్చిలో అయితే చర్చి పెద్ద ఎదురొచ్చి, ఆవిణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టి, వెల్ష్ ప్రసంగాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులో వినిపించే హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించాడు. ఆవిడ తీసి ఒళ్లో పెట్టుకుంది. పాపం వాడటం తెలీదేమో అనుకుని ఆయన మళ్లీ వచ్చి మళ్లీ తగిలించాడు. నేను పక్క వరసలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను కూడా.

మంగళవారం పొద్దున్న కొట్టులో గుడ్ల కోసం నిలబడ్డాను. నా ముందు నెలిదా, ఆవిడ ముందు పొట్టి లాగు వేసుకున్న ఇంగ్లీషు పెద్దమనిషి. "బోరె దా" అనమంటే అననన్నాడు. వదిన రొట్టె వెనక్కి లాక్కుంది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ మధ్యలో నెలిదా గొంతు వినిపించింది.

"బోరె దా అమ్మా. ఉప్పు వేసిన వెన్న ఒకటి ఇస్తావా? నిన్నటి రొట్టె మిగిలితే అది కూడా ఇవ్వు, పాలల్లో నానబెట్టుకుంటాను."

అచ్చం మా నాయనమ్మ అడిగినట్టే అడిగింది. వదిన మొహం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టింది! "వెరీ గుడ్! వెరీ గుడ్!" అని, ఆ పెద్దమనిషి వైపు తిరిగి ఇంగ్లీషులో అందుకుంది. "చూశావా? ఎక్కణ్ణుంచో వచ్చి ఎంత చక్కగా నేర్చుకుందో! నీకేం రోగం?" మళ్లీ నెలిదా వైపు తిరిగి, పసిపిల్లని అడిగినట్టు ముద్దుగా ఏదో అడిగింది. ఎన్నాళ్ల నుంచి నేర్చుకుంటున్నారు అని. అదీ ఇంగ్లీషులోనే.

నెలిదా చేతిసంచి గల్లా మీద ఠపీమని పెట్టింది.

"ఎవరిని మెచ్చుకుంటున్నావమ్మా? నన్నా? మా అమ్మ నాకు జోల పాడింది ఈ మాటలో. పోయినేడు కళ్లు మూసింది ఈ మాటలో. నేనేమన్నా పలకా బలపం పట్టుకుని నీ ముందుకి వచ్చానా, వెరీ గుడ్ అనడానికి? ఐదు రోజులైంది నేను వచ్చి. బస్సువాడిదీ ఇంగ్లీషే. చర్చిలో ఆ ముసలాయన నా చెవుల్లో కూడా ఇంగ్లీషే కూరాడు. ఇదిగో, ఈవిడింట్లో దిగాను, ఈవిడదీ ఇంగ్లీషే! వద్దన్నవాడి నోట్లో కుక్కుతావు, అడిగినదానికి మాత్రం పెట్టవు. ఏం ఊరమ్మా మీది?"

ఆ పెద్దమనిషి, "ఏమంటోంది ఆవిడ?" అని అడిగాడు. మా వదిన, బోర్డులకి రంగు పూసిన మా వదిన, ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో తర్జుమా చేయడం మొదలుపెట్టింది!

నెలిదా వెన్న తీసుకోకుండానే వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ వెళ్లాక తలుపు వేసి, "గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంట వదినా! ఊరందరికీ పాఠాలు చెప్పి నువ్వు చేసిందేంటి?" అన్నాను.

"నువ్వు మాత్రం? దిగింది నీ ఇంట్లోనే కదే! నాలుగు పూటలు నీ చేత్తో గుడ్లు వేయించి పెట్టావు. ఒక్కసారన్నా ఆవిడ నోటి మాట విన్నావా?"

"నేను గల్లా ముందు నియమాలు పెట్టుకుని కూర్చోలేదుగా."

"అదే గొప్పా నీకు?"

చాలాసేపు తిట్టుకున్నాం. చివరికి వదిన పాలపెట్టె మీద కూలబడింది. "ఆ మొహం చూడగానే నాలిక దానంతటదే తిరిగిందే గ్వెనో. నేను తిప్పలేదు," అంది నన్ను పేరు పెట్టి పిలిచి. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు.

ఇంటికి వచ్చేసరికి నెలిదా పెట్టె సర్దుకుంటోంది. మర్నాడు పొద్దున్న బస్సుకి వెళ్లిపోతానని చేత్తో సైగ చేసి చెప్పింది. నాతో మాటలు మానేసింది మరి. నేను ఈ కబురు వదినకి ఫోన్ చేసి చెప్పాను.

సాయంత్రం టీ వేళకి వదిన వచ్చింది. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చినట్టుంది, పెదాలు కదులుతున్నాయి. నేను టీ పళ్లెం పట్టుకుని వెనకే మెట్లెక్కాను. వదిన తలుపు కొట్టింది. నెలిదా తలుపు తీసింది. వదిన ఆవిడ మొహం చూసింది, నోరు తెరిచింది. వచ్చింది మళ్లీ ఇంగ్లీషే.

తలుపు ధడాలున మూసుకుంది.

వదిన తన చెంప తనే ఛెళ్లున కొట్టుకుంది. తర్వాత తలుపుకి వీపు ఆనించి, గోడకేసి చూస్తూ అంది, మా మాటలో: "తలుపు తీయకమ్మా. తీస్తే నీ మొహం చూస్తాను, చూస్తే మళ్లీ అదే వస్తుంది. ఇలాగే చెప్పనీ. నాది తప్పు. చిన్నప్పుడు దెబ్బ తిని ఆ మర్యాద నేర్చుకున్నాను, ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఊళ్లో అందరికీ దాన్ని వదలగొడుతున్నానని అనుకున్నాను."

తర్వాత తలుపు తెరుచుకుంది. వదిన పడబోయి నిలదొక్కుకుంది.

"నాకున్నది ఈ మొహమే, ఇంకోటి తెచ్చుకోలేను," అంది నెలిదా. గొంతులో కోపం అలాగే ఉంది. "ఇటు తిరుగు. చూస్తూ మాట్లాడు."

వదిన తిరిగింది. నోరు తెరిచి మూసింది. పోలీసుల ముందు బెదరని మనిషి ఒక ఆడమనిషి మొహం చూడటానికి అంత అవస్థ పడటం నేను ఎన్నడూ చూడలేదు.

"మీ అమ్మ పేరేంటమ్మా?" అంది చివరికి, వెల్ష్‌లో, కళ్లు దించకుండా.

నెలిదా పేరు చెప్పింది. ఏ పొలం దగ్గర పుట్టిందో చెప్పింది. వదిన ఇంకోటి అడిగింది. (నెలిదా బుధవారం బస్సు ఎక్కలేదు లెండి, శనివారం దాకా ఉంది.)

అప్పుడు నెలిదా మెట్ల మీద నిలబడ్డ నా వైపు చూసింది. ఇక నీ వంతు అన్నట్టు. నా నాలిక మీదకి ముందుగా వచ్చిన మాట ఏ భాషదో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. దాన్ని మింగేసి, రెండో మాట అన్నాను.