కాపలాకు పెంచిన బాతు

1948 అక్టోబరు. సికింద్రాబాదులో, తిరుమలగిరి దగ్గరి ఒక పశువుల దవాఖానాలో నేను కాంపౌండర్‌ని. సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చి నెల దాటింది. సైన్యం చేసిన పనికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. మేమూ అలాగే అనడం అలవాటు చేసుకున్నాం. మా దగ్గరికి ఎక్కువగా టాంగా గుర్రాలు, కంచరగాడిదలు, పాలవాళ్ల బర్రెలు వచ్చేవి. డాక్టరుగారు చూసి చెప్పేవారు. మందు కలపడం, కట్టు కట్టడం, బెదిరిన పశువును పట్టి నిలపడం నా పని. ఉద్యోగం విరమించేదాకా అదే చేశాను. ఇన్నేళ్ల పనిలో గుర్తుండిపోయిన కేసు ఏదని ఎవరైనా అడిగితే నేను గుర్రం పేరు చెప్పను, బర్రె పేరు చెప్పను. ఒక బాతు పేరు చెప్తాను.

చెరువుల్లో తిరిగే మామూలు బాతు కాదది, పొడుగు మెడ పెద్దబాతు. కంటోన్మెంటు బంగళాల్లో తెల్లదొరలు వాటిని పెంచేవారు. క్రిస్మస్ దాకా కాపలాకు, క్రిస్మస్ నాడు విందుకు. దొరలు ఓడలెక్కి పోయాక ఆ పక్షులు వంటవాళ్లకూ తోటమాలులకూ మిగిలాయి.

ఒక పొద్దున నలభై ఏళ్ల ఆడమనిషి కొంగు కింద గంప దాచుకుని వచ్చి వరసలో నిలబడింది. ముందున్న పాలమనిషి యాదయ్య గంపలోకి తొంగి చూశాడు.

"ఏందమ్మా, గుర్రాల దవాఖానకు బాతును తెచ్చినవ్? మసాలా సుత తెచ్చినవా?"

"మసాలా నీ పాలల్ల ఎయ్యి బిడ్డా. నీళ్లకు జెర రుచన్న వస్తది," అంది ఆమె.

వరసంతా నవ్వింది. యాదయ్య కూడా నవ్వి పక్కకు జరిగాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

పేరు మస్తాన్‌బీ. దూదేకులవాళ్లు. మెదక్ జిల్లాలో, బీదర్ సరిహద్దుకు దగ్గరలో వాళ్ల ఊరు. గంపలోంచి పిల్లను తీసి బల్ల మీద పెట్టింది. నెల దాటిన పిల్ల, పసుపు నూగు పోయి బూడిద రంగు ఈకలు వస్తున్నాయి. నిలబెడితే రెండు కాళ్లూ చెరో పక్కకు జారిపోయాయి. తంటాలు పడి లేచేసరికి తల వెనక్కి వాలి, ముక్కు పైకి తిరిగి, వెల్లకిలా పడింది. పడి, గాలిలో కాళ్లు కొట్టుకుంది. తనంతట తాను మళ్లీ లేవలేకపోయింది.

డాక్టరుగారు మద్రాసు వైపు మనిషి, మాట తక్కువ. వెనక సైన్యం గుర్రం ఒకటి ఆయన కోసం ఎదురుచూస్తోంది. నిలబడే చూశారు.

"కాళ్లు పట్టుకుని చూస్తే ఏం తెలియదు. నేల ఏమిటో అడగండి, తిండి ఏమిటో అడగండి," అని నాతో చెప్పి వెళ్లారు.

"ఎక్కడ ఉంచుతున్నావమ్మా దీన్ని?" అన్నాను.

"బొల్లారంల, సాబ్. మా చెల్లె మొగడు బంగ్లల వంట చేస్తడు. ఆళ్ల సామాన్ల అర్రల ఉంటున్న."

"నేల?"

"షాబాదు బండలు. నున్నగుంటయ్."

"బయట మట్టిలోకి వదలవా?"

"మా మరిది వద్దంటడు. ఇది అరిస్తే అర్రల ఎవరున్నరని అడుగుతరట. గంప బోర్లేసి చీకట్ల పెట్టమన్నడు."

"తిండి?"

"రేషన్ బియ్యం నూకలు. ఇంకేం దొరుకుతది?"

కేసు అక్కడే తేలిపోయింది. కాళ్లు పక్కలకు జారడాన్ని స్ప్లే లెగ్ అంటారు. పిల్ల పక్షి కాలికి నేల పట్టు దొరక్కపోతే ఎముక కీలు అలా పక్కకే అలవాటు పడుతుంది. తల వెనక్కి వాలడాన్ని స్టార్ గేజింగ్ అంటారు, చుక్కలు చూడడమని. పాలిష్ పట్టిన బియ్యంలో విటమిన్ బి ఉండదు. అదొక్కటే తిన్న పక్షికి నరాలు చచ్చుబడి నిలకడ పోతుంది. ఎండ లేదు, మట్టి లేదు, గడ్డి లేదు. భయపడ్డ ఇంట్లో దాక్కుని పెరగడమే దాని జబ్బు.

ఒక్క పిల్ల కోసం బొల్లారం నుంచి నడిచి రావడం ఎందుకని అడిగాను. కోసుకోవడానికైతే కాళ్లతో పనిలేదు.

"కోసుకోనీకి కాదు సాబ్. కావలికి. ఇది నడవాలె, గట్టిగ అరవాలె."

"ఊళ్లో కుక్క లేదా?"

"ఉండె," అంది. తర్వాత చెప్పింది, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. "మిలట్రీ రాకముందు రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు మా ఆయనను నీళ్లడిగిండ్రు. ఇచ్చిండు. ఇయ్యకుంటే కొట్టేటోళ్లు. మిలట్రీ వచ్చినంక ఊరోళ్లే మా ఇంటికొచ్చిండ్రు, నీళ్లెందుకిచ్చినవని. మా కుక్క తోక ఊపింది సాబ్. ఎరికైనోళ్లే కద. ఆళ్ల పరుపులన్ని మా ఆయనే ఏకిచ్చిండు."

నేను పిల్ల కాళ్లు మళ్లీ పట్టుకుని చూశాను.

"బాతుకు ఎరికైనోడు, ఎరికలేనోడని లేదు. అందరి మీద అరుస్తది. ముద్దేసినా మర్లదు. ఇంక నాకు గదే కావాలె," అంది.

ఊరికి తిరిగి పోవడం దేనికి, ఇక్కడే ఏదైనా పని చూసుకోవచ్చు కదా అన్నాను. నేను అలా అనడం సులువు.

"ఆయన బొంద ఆడుంది సాబ్, మా ఇంటెన్క జాగల్నే. నేను పోకుంటే ఇల్లు ఎవడో తీసుకుంటడు. ఇల్లు తీసుకున్నోడు బొందను దున్నడా?"

కాలికి వేసే పట్టీని హాబుల్ అంటారు. రెండు కాళ్లనూ వాటి మామూలు ఎడంలో ఉంచి మధ్యలో మెత్తటి గుడ్డతో కట్టే కట్టు. అది కట్టాను. ఆ అర్రలో మాత్రం పిల్ల కోలుకోదని తెలుసు. మా ఇంటి వెనక మట్టి పెరడు ఉంది. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నా భార్య సుగుణ మిషన్ బడిలో టీచరు. అడగకుండా పిల్లను ఇంటికి తెచ్చానని కోప్పడింది. ఆ సాయంత్రమే గోనెసంచిని చుట్టలా చుట్టి, మధ్యలో పిల్లను నిలబెట్టి, పడకుండా ఆనుడు చేసింది.

వైద్యం పెద్దదేమీ కాదు, ఓపిక పని. కింద గోనెపట్టా. తిండిలో తవుడు, తరిగిన తోటకూర, గరిక. బేకరీలో రొట్టె పిండి పొంగడానికి వాడే ఈస్ట్ అడిగి తెచ్చి నీళ్లలో కలిపేవాళ్లం, అందులో విటమిన్ బి ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో సుగుణ బట్టలుతికే తొట్టిలో నీళ్లు పోసి వదిలితే, ఒంటి బరువు నీరు మోస్తుంది కాబట్టి పిల్ల కాళ్లు సరిగ్గా ఆడించేది. మస్తాన్‌బీ రోజూ వచ్చేది. పిల్ల పక్కన కూర్చుని సుగుణకు పరుపుల దూది ఏకిచ్చేది. వద్దంటే వినలేదు.

"ఊరికే తిననీకి నేనేం బాతునా, చెల్లె?" అనేది.

మెడ ముందు కుదిరింది. కాళ్లకు ఎక్కువ కాలం పట్టింది. రెండు సార్లు హాబుల్ విప్పాం, రెండు సార్లూ జారింది, మళ్లీ కట్టాం. క్రిస్మస్‌కు ముందు మూడోసారి విప్పితే నిలబడింది. కొంచెం వంకరగా, ఎడమ వైపు ఒరిగి, పెరడంతా నడిచింది. ఆ తర్వాత గొంతు వచ్చింది. పాలమనిషి మీద అరిచింది, పోస్టుమాన్ మీద అరిచింది, పండుగకు వచ్చిన పాస్టరుగారి అంగీ పట్టి లాగింది. రోజూ తవుడు పెట్టే నా మీదా అరిచింది.

"తిండి పెట్టేవాడినీ గుర్తు పట్టదేం, మస్తాన్‌బీ?" అన్నాను.

"గట్లే ఉండాలె సాబ్," అని ఆమె నవ్వింది. నేను చూసిన ఒకే ఒక్క నవ్వు అది.

ఎండలు ముదరకముందే ఆమె ఊరికి వెళ్లిపోయింది. గ్రామాల్లో శాంతి నెలకొందని, వెళ్లిపోయినవాళ్లు తిరిగి రావచ్చని అప్పుడు అందరూ చెబుతున్నారు. బస్సులో బాతును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు మీద కూడా అది అరిచింది.

వానలు మొదలయ్యే రోజుల్లో మళ్లీ దవాఖానాకు వచ్చింది. చేతిలో గంప లేదు. వరసలో నిలబడకుండా వచ్చి నా బల్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"బాతేది?" అన్నాను.

"నీ మందు మంచిగ పని చేసింది సాబ్. గా సంగతి చెప్పి పోదామని వచ్చిన."

ఏం జరిగిందని అడిగాను.

"రాత్రి తలుపులు, దూలాలు పీకనీకి వచ్చిండ్రు. బాతు అరిచింది. ఎంత గట్టిగ అరిచిందంటే, ఊరవతల గొర్లోళ్లు సుత ఇన్నరు. నేను ఎన్క తలుపు తీసుకొని పొలాలల్ల వడ్డ. అది లేకుంటే నన్ను సంపేటోళ్లే. అది మాత్రం ఆళ్ల మీదికి ఉరికింది సాబ్. మంచిగ ఉరికింది, ఒరగలే. కుంటిదే అయితే ఇడిసిపెట్టేటోళ్లేమో."

"అరుపు విని ఎవరూ రాలేదా?"

"ఎవ్వరు రాలే."

"నిద్రలో విని ఉండరు," అన్నాను. నాకే నమ్మకం లేని మాట.

"ఇన్నరు సాబ్. పొద్దుగాల మా పక్కింటామె బాయి కాడ అడిగింది. 'ఏందక్కా, నీ బాతు రాత్రంత నిద్రపోనియ్యలే' అన్నది."

డాక్టరుగారు పక్క గదిలోంచి నన్ను పిలిచారు. నేను వెళ్లి వచ్చేసరికి ఆమె లేదు. ఆ ఇల్లు పోయింది. ఇంటి వెనక స్థలంలో ఆ ఏడు జొన్న వేశారని తర్వాత బొల్లారంలో ఆమె మరిది చెప్పాడు. ఆమె ఏదో బంగళాలో ఆయా పనికి కుదిరిందన్నాడు. నేను వెళ్లి చూడలేదు.

నిలకడ లేని పక్షి వస్తే ముందు నేల అడగాలి, తిండి అడగాలి. ఈ సంగతి నా తర్వాత వచ్చిన కాంపౌండర్లకు చాలాసార్లు చెప్పాను. పనికొచ్చే పాఠమే, చాలా పక్షులు బతికాయి. ఈ కేసు నేర్పిన రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. సుగుణ పోయి ఏడాదవుతోంది. ఆమె ఉండగా రాయబుద్ధి కాలేదు.

మస్తాన్‌బీ వచ్చి వెళ్లిన రోజు సాయంత్రం భోజనం దగ్గర సుగుణకు అంతా చెప్పాను. ఆ ఊరివాళ్లను తిట్టాను కూడా, నాకు చేతనైనంత. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. తర్వాత అడిగింది.

"ఏమండీ, అది మన పక్కింట్లో అరిస్తే మీరు లేచి వెళ్లేవారా?"

"అన్నం చల్లారిపోతోంది, తిను," అన్నాను.

ఆమె తిన్నది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ ఊళ్లో మేలుకుని కూడా కదలకుండా పడుకున్నవాళ్లు ఎలాంటి మనుషులో నాకు తెలియదని అప్పటిదాకా అనుకున్నాను.