చిప్ప లేని మోకాలు

ఎనభైల్లో సంగతి. భిలాయి నుంచి బయల్దేరి, దుర్గ్ స్టేషన్ వెయిటింగ్ రూములో మద్రాసు డాక్టరు ఉత్తరం మళ్లీ చదువుతున్నాను. నా కుడి మోకాలి కీలు మార్చేటప్పుడు చిప్ప బాగా అరిగిపోయి కనిపిస్తే తీసేయవచ్చా, ఆలోచించుకుని రమ్మన్నారు. నాకేం తెలుసు?

"ఏటి బాబూ, మోకాలేనా?" అన్నాడు నేను చాపుకున్న కాలు చూసి, పక్కనున్న ముసలాయన. భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. తలూపేలోగా నా చెయ్యి లాక్కుని తన మోకాలి మీద పెట్టాడు. ఎముక ఉండాల్సిన చోట మెత్తటి గుంట.

"దెబ్బ తగిలిందని చిప్ప తీసి బాల్టీలో ఏసేసారు. మా ప్లాంటు షాపులో మిషన్కేసిన కొత్త పార్టు ఒక షిఫ్టు ఆడీదాకా పాతది పారెయ్యం బాబూ."

ఆయన బండి వచ్చింది. రెండు చేతులతో కాలెత్తి ఫుట్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. అది జారింది. బండి కూత వేసింది. రెండోసారికి గానీ ఎక్కలేకపోయాడు.

మద్రాసులో ఆపరేషన్ బల్ల మీద, మత్తు సూదికి నాకు నడుము కింద స్పర్శ లేదు.

"చిప్ప అరిగింది. తీసేయమంటారా?" తెర అవతల నుంచి డాక్టరు గొంతు.

కాళ్లు నావి కానట్టే ఉన్నాయి గానీ, అరచేతికి ఆ గుంట తగులుతూనే ఉంది.

"ఉండనివ్వండి. ఇప్పుడే పారెయ్యకండి," అన్నాను.