వాయిదాల మనిషికి అద్దె గది

ఇల్లు అద్దెకివ్వడం ఎలాగో నాకు నేర్పింది మా అన్నయ్య. మా ఆయన పోయాక నరసరావుపేటలో నాకు మిగిలింది కోర్టు వెనక వీధిలో మూడు గదుల ఇల్లు. అవి యుద్ధం రోజులు. వీధి గది అద్దెకిచ్చుకుని బతకమని చెప్పి, ఎవరికివ్వాలో కూడా అన్నయ్యే చెప్పాడు. సర్కారు గుమాస్తా అయితే మేలు, బదిలీ కాగానే ఖాళీ చేస్తాడు. పిల్లలు గలవాళ్లకు వద్దు, గోడలు పాడుచేస్తారు.

"కోర్టులో దావా ఉన్నోళ్లను మాత్రం గడప తొక్కనీయబాకే. వాయిదాల మీద వాయిదాలు, ఎప్పుడు పోతారో ఆళ్లకే తెలవదు" అన్నాడు.

ఎప్పుడు పోతారో తెలియని మనుషులే నాకు కావాలని ఆయనకేం తెలుసు? పొద్దుగూకితే ఆ ఇంట్లో పలకరించే ప్రాణి ఉండేది కాదు. అందుకే మొదట వచ్చిన దావా మనిషికే గది ఇచ్చేశాను.

ఆమెది రొంపిచర్ల దగ్గర పల్లె. నాలాగే భర్త పోయినది, నాకంటే కాస్త చిన్నది. అత్తింటివాళ్లు బయటికి గెంటితే, మనోవర్తీ, ఆ ఇంట్లోనే ఉండటానికి ఒక గదీ ఇప్పించమని మరుదుల మీద దావా వేసింది. పగలంతా విస్తళ్లు కుట్టి హోటలుకు వేసేది. అద్దె ఏనాడూ ఆపలేదు. వచ్చిన వారంలోనే నన్ను "అమ్మా" అనడం మాని "అక్కా" అనడం మొదలుపెట్టింది. మరుదులను ఆమె తిట్టే తిట్లకు నేను పొయ్యి దగ్గర నవ్వలేక చచ్చేదాన్ని.

వాయిదా రోజు పొద్దున మాత్రం వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. మాలాంటివాళ్లు ఎదురొస్తే పని చెడుతుందని వీధిలో అందరూ తప్పుకుపోయేవాళ్లు. నాకూ దాక్కోవడం అలవాటైపోయింది. ఆమె ఊరుకుంటేగా!

"ఏందక్కా, పిల్లిలాగా ఆ మూల నక్కినావు? రా, ఎదురు రా. ఇద్దరం ముండమోసినోళ్లమే గదా, ఎవురి పీడ ఎవురికి తగలాల?"

నేను ఎదురొస్తే, నవ్వుకుంటూ మెట్లు దిగేది. ఆ వీధిలో నన్ను ఎదురు రమ్మన్న మనిషి ఆమె ఒక్కతే. సాయంత్రం "మళ్లీ వాయిదానే" అని ఉసూరుమంటూ వస్తే, పైకి అయ్యో అనేదాన్ని. లోపలికి పోయి ఆ పూట చారుకు కమ్మగా తాలింపు పెట్టేదాన్ని.

తీర్పు రోజు రానే వచ్చింది. ఆమె పిలవకముందే వెళ్లి గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాను. నా ఎదురు మంచిది కాదని లోకమంతా అంటోంది గదా, ఈ ఒక్కసారి అది నిజమైతే బాగుండుననిపించింది. ఆమె నన్ను చూసి సంబరపడి వెళ్లింది.

మధ్యాహ్నం రొప్పుతూ వచ్చింది. "గెలిచామక్కా! మనోవర్తి ఇమ్మన్నారు, గది నాదేనన్నారు!"

"వాళ్లు అప్పీలుకు పోతారేమో" అన్నాను. నా నోటికి వచ్చింది ఆ మాటే. ఆమె నా మొహం కేసి చూసి, చెంగుతో చెమట తుడుచుకుంది.

"ఇక్కడే ఉండిపోవే. అద్దె కూడా వద్దు" అన్నాను.

"అద్దె ఇయ్యకపోతే చుట్టాన్ని అయిపోతానక్కా. చుట్టం ఎన్నాళ్లుంటది? ఆడ నాతో మాటాడేవోళ్లు లేకపోయినా, అది నా గది. ఎవురూ పొమ్మనలేరు."

నాకున్నదీ అలాంటి ఇల్లే.

వాళ్లు అప్పీలుకు పోలేదు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దాకా ఆమెను సాగనంపాను. బస్సు కదులుతుంటే ఆమె తల బయటికి పెట్టి, "నీ ఎదురు చానా మంచిదక్కా! ఎవురన్నా కాదంటే నన్ను పిలిపించు" అని అరిచింది. బస్టాండులో అందరూ నా వైపు తిరిగి చూశారు.

ఆ తర్వాత గదికోసం ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, కోర్టులో దావా ఏమన్నా ఉందా అని. "అబ్బే, అట్టాంటియ్యేం లేవమ్మా" అని వాళ్లు ధీమాగా చెప్పేవాళ్లు. అన్నయ్య నా జాగ్రత్తకు మెచ్చుకునేవాడు. నేను తాళంచెవి తెస్తానని లోపలికి పోయి, కాసేపటికి గానీ బయటికి వచ్చేదాన్ని కాదు.