ఆయన గడిలో అత్తయ్య పేరు

నాకు నోరెక్కువని ఆఫీసులో పేరు. వట్లూరు అవతల చేపల మేత తయారుచేసే కంపెనీలో డిస్పాచ్ సెక్షన్ నాది. లోడు ఆలస్యమైతే, అప్పట్లో కొత్తగా చేతికొచ్చిన సెల్‌ఫోన్లోనే లారీ డ్రైవర్లని ఉతికి ఆరేసేదాన్ని. అలాంటి నాకు ఒక్క ముక్క చెప్పడానికి మా కంపెనీలో ఇన్సూరెన్స్ కాగితాలు చూసే గుమాస్తాకి నెల రోజులు సరిపోలేదు. భయం కాదు, మర్యాద. ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మావారు పోయేసరికి ఏలూరు ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూ. మాకు పిల్లల్లేరు. నామీద ప్రేమ ఉందని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ పొద్దున్నే వంటింట్లో ఆవిడ గిన్నెల చప్పుడు వింటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నారని ధైర్యంగా ఉండేది.

గుమాస్తా పరామర్శకి రెండుసార్లు వచ్చాడు. మొదట పెద్దకర్మకి ముందు, మళ్ళీ మా అన్నయ్య నన్ను ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లో నిద్ర చేయించడానికి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి తిరిగి దింపాక. రెండుసార్లూ కుర్చీ అంచున కూర్చున్నాడు, చొక్కా జేబు తడుముకున్నాడు, మంచినీళ్ళయినా ముట్టలేదు. చావింట్లో 'వెళ్ళొస్తాను' అనకూడదు కదా, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు. సిగరెట్టుకి ప్రాణం లాగుతోందేమో అనుకున్నాను.

నేను మళ్ళీ డ్యూటీలో చేరిన వారానికి అత్తగారికి కడుపులో నొప్పి మెలితిప్పేసింది. స్కానింగ్ తీసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ ఎక్కువ రోజులు వాయిదా వెయ్యొద్దన్నారు. ఇన్సూరెన్స్ ఇచ్చింది చాలక, చేతిలో ఉన్నదంతా మావారి వైద్యానికే అయిపోయింది. ఆవిడని కంపెనీ ఇన్సూరెన్స్‌లో చేర్చవచ్చేమో కనుక్కుందామని గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళాను.

అతను లేచి నిలబడ్డాడు. "చేర్చే వీలుండేదండీ. భార్యో భర్తో పోతే, నెలలోపు ఫారంలో వాళ్ళ పేరున్న గడిలో ఇంట్లో పెద్దవాళ్ళని ఒకర్ని రాసుకోవచ్చండీ. గడువు దాటిపోయిందండీ. ఇంక ఏప్రిల్లో పాలసీ మళ్ళీ కొత్తగా రాసేదాకా ఆగాలండీ."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"ఫారం తెచ్చానండీ. రెండుసార్లూ జేబులోనే ఉందండీ. ముందు సార్ పేరు మీ చేత్తో మీరే కొట్టెయ్యాలండీ. ఆ ఇంట్లో కూర్చుని ఎలా అడగనండీ?"

తిట్టబోయి ఆగిపోయాను. నిజానికి అప్పుడు అతను అడిగుంటే ఆ కాగితం చింపి మొహాన కొట్టేదాన్నేమో. అయినా అడగాల్సింది.

అది కార్తీక మాసం. ఏప్రిల్ చాలా దూరం. ఉండి నుంచి మా ఆడపడుచు వచ్చింది. వాళ్ళకి చేపల చెరువులున్నాయి, ఆపరేషన్ చేయించగలరు. "అమ్మని మేం తీసుకెళ్తాం వదినా. మీరు ఆఫీసుకెళ్తే ఎవరు చూస్తారండీ?" అంది. ఇన్సూరెన్స్ ఉంటే, సెలవు పెట్టి నేనే చేయిస్తానని అనేదాన్ని. ఆవిడ నా దగ్గరే ఉండిపోయేది. అత్తగారు నావైపు చూసింది. నేను ఆవిడ చీరలు మడతపెట్టి సంచిలో సర్దాను.

ఆ చలికాలం ఎలా గడిచిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఒక్కదానికి వండుకోవడం రాలేదు, రోజూ అన్నం మిగిలిపోయేది. డ్రైవర్లతో కావాలని గొడవ పెట్టుకునేదాన్ని, కాసేపు ఎవరో ఒకరు మాట్లాడతారని. ఏప్రిల్లో ఆవిడ పేరు రాయించి ఇంటికి తెచ్చుకుంటానన్న ఆశ మాత్రం వదల్లేదు.

మార్చి చివర గుమాస్తా తనే వచ్చి ఫారం నా బల్ల మీద పెట్టాడు. ఆ ఆదివారం ఉండి బయల్దేరాను. బస్సు కొల్లేరు మీదుగా వెళ్తుంటే ప్రభుత్వం గండ్లు కొట్టించిన చేపల చెరువుల్లో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. దారి పొడుగునా ఆవిడతో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

అత్తగారు అరుగు మీద కూర్చుని మనవరాలికి జడ వేస్తోంది. ఒళ్ళు చేసింది. నేను ఫారం సంగతి చెప్పాను. "ఇప్పుడు నాకెందుకమ్మాయ్? రాళ్ళు తీసేశారు. వీళ్ళు నన్ను కాలు కింద పెట్టనివ్వట్లేదు. ఆ గడి నాకోసం పాడుచేసుకోకు. నీకు కావలసినవాళ్ళని ఎవర్నైనా రాసుకో" అంది. నా మంచి కోరే అంది, అందులో అనుమానం లేదు.

నాకు కావలసిన మనిషి ఆవిడే. పక్కనే ఆడపడుచు విస్తరాకులో అన్నం వడ్డిస్తోంది. కూతురింట్లో కూర్చుని, ఆ కూతురి ఎదురుగా, నాతో వచ్చెయ్యండని ఎలా అడగను? తిని, బస్సెక్కేశాను.

సోమవారం మావారి పేరు మీద నా చేత్తోనే గీత గీసి, సంతకం పెట్టి ఇచ్చాను. గుమాస్తా కాగితం తిప్పి చూశాడు.

"సార్ గడిలో ఇంకో పేరు రాయలేదండీ. ఇంకెవరూ లేరాండీ?"

ఈసారి అడిగాడు.

"లేరండీ" అన్నాను.