ఆపా బీరువాలోని చాయ్‌పత్తి

పోయిన నెల ఒక పొద్దున సంగారెడ్డి బస్సులో ఉండగా ఆపా కూతురి ఫోను వచ్చింది. “అక్కా, అమ్మీ పోయింది. దవాఖానల నుంచి ఇంటికి తీస్కొస్తున్నం” అంది. “నువ్వు కాలేజీ చూసుకొనే రా, జల్దీ ఏం లేదు” అని కూడా అంది. ఆ రెండో మాటే నాకు ఎక్కువ తగిలింది. ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో అన్నిటికీ తొందరే. అంబులెన్సుకు తొందర, రిపోర్టులకు తొందర, మందులకు తొందర. ఇప్పుడిక ఏదీ లేదు. ముత్తంగి దగ్గర బస్సు దిగి, లారీల వరస తెగేదాకా నిలబడి, రోడ్డు దాటి వెనక్కి పటాన్‌చెరు బస్సు ఎక్కాను.

నేను ఆమెకు ఏమవుతానని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఆమె ఇంటి కింది వాటాలో కిరాయికి ఉంటున్నదాన్ని. ఉర్దూ మీడియం బడుల్లో పిల్లలు టీచరమ్మను ఆపా అంటారు. ఆమె రిటైరై ఎంతో కాలమైనా ఆ పిలుపు పోలేదు. కూరగాయల బండి అతనూ, మసీదు గల్లీలో ఆమెకంటే పెద్దవాళ్లూ, ఆఖరికి మా ఆయన కూడా ఆపా అనే పిలిచేవారు. బంధువునూ శిష్యురాలినీ కాని నేను ఆమె గురించి రాయడమేమిటని ఇది రాస్తున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది. కానీ చివరి ఏడాది ఆమెకు నా నాలుకతో పని పడింది. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు.

ఆపాకు చాయ్‌పత్తి పోగుచేసే అలవాటు. కిరాణా దుకాణంలో దొరికే టీపొడి కాదు, పూలూ పండ్లూ సుగంధాలూ కలిపినవి. పాత విద్యార్థులు చూడ్డానికి వస్తూ చీరో శాలువానో తెస్తే తిప్పి పంపేవారు. “బట్టలు నా ఒంటికి ఇంకెన్ని పడుతయ్ రా? మీరు పోయిన ఊరి చాయ్ తేండ్రి” అనేవారు. అట్లా దుబాయిలో నర్సుగా ఉన్న అమ్మాయి గులాబీ రేకుల చాయ్ తెచ్చింది. లారీలు నడిపే అబ్బాయిలు కుంకుమపువ్వూ బాదం పలుకులూ వేసిందీ, మల్లెపూలతో మాగబెట్టిందీ, కట్టెల పొగ పట్టించిందీ తెచ్చారు. ఎండిన ఆపిల్ ముక్కలది ఎవరు తెచ్చారో ఆమెకే గుర్తుండేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మెట్ల మీది నుంచి పిలుపు వచ్చేది. పైకి వెళ్లేసరికి గాజు కప్పులు కడిగి బోర్లించి ఉండేవి. రంగు కనబడకపోతే సగం చాయ్ పోయినట్టే అని ఆమె లెక్క. నీళ్లు పూర్తిగా మసలకముందే దించేవారు. కప్పు నా చేతికిచ్చి, “ముందు ముక్కుతోని తాగు. నోటికేం తొందర?” అనేవారు. కొత్త డబ్బా మూత మాత్రం ఎప్పుడూ ఒంటరిగా తీసేవారు కాదు. “ఒక్కదాన్నే తాగితే అది దవా. పక్కన ఇంకొకరుంటెనే చాయ్.”

ఆ డబ్బాలన్నీ ఇనుప బీరువాలో తాళం వేసి ఉండేవి. దొంగల భయంతో కాదు. గాలి పాశమైలారం కంపెనీల వైపు నుంచి తిరిగిన రోజున మా బస్తీలో ఆరేసిన బట్టలకు కూడా ఒక ఘాటు పడుతుంది. అది కుళ్లిన గుడ్డుదా, కాలిన ప్లాస్టిక్‌దా అనేది ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేకపోయాను. “చాయ్‌పత్తి పసిపిల్ల అసుంటిది బిడ్డా, ఎవ్వలెత్తుకుంటే వాళ్ల వాసన పడుతది. కంపెనీ గాలి తాకనియ్యొద్దు” అనేవారు ఆపా. ఇంట్లో గాలి చొరబడని చోటు ఆ బీరువా ఒక్కటే. పెండ్లినాటి ఖడా దుపట్టా, పట్టు బట్టలూ అందులోనే ఉండేవి. వాటికి పురుగు పట్టకుండా మడతల మధ్య తెల్లటి డాంబర్ గోలీలూ ఉండేవి.

కాబట్టి మొదటిసారి గులాబీ చాయ్ తాగినప్పుడు గులాబీ వచ్చింది, దాని వెనకాలే బీరువా కూడా వచ్చింది. నేను “బాగుంది ఆపా” అన్నాను. వచ్చినవాళ్లందరూ అదే అనేవారు. పెద్దామె అంత మురిపెంగా పోసిన కప్పు చేతిలో పట్టుకుని ఇంకేమంటారు? మా ఆయన ఒకసారి తాగి, కిందికి వచ్చాక, “ఆపా చాయ్‌కి కడుపుల పురుగులు గూడ సచ్చిపోయినట్టున్నయ్” అని నవ్వాడు. పాలూ చక్కెరా లేనిది చాయ్ కాదని ఆయన వాదన.

తర్వాత ఆపా దవడ లోపల గడ్డ తేలింది. రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు సిటీ డాక్టర్లు. నోటికి రుచి పోతుందనీ, కొందరికి కొన్ని నెలలకు తిరిగి వస్తుందనీ, కొందరికి రాదనీ ముందే చెప్పారు. ఆమెకు రాలేదు. వాసన కూడా మెల్లగా మొద్దుబారింది. ఒక ఆదివారం నన్ను పిలిచి, ఇద్దరికీ చాయ్ పోసి, తన కప్పు ఒక గుక్క తాగి పక్కన పెట్టారు.

“నీళ్లకు, దీనికి నాకు ఫరక్ తెలుస్తలేదు. నువ్వు తాగి నాకు చెప్పు.”

“బాగుంది ఆపా.”

“బాగుంది అంటే ఏంది? గట్ల రాస్తే ఎనిమిదో తరగతి పిల్లలకు గూడ నేను మార్కులియ్యలే. ఏమొస్తున్నది నీకు?”

“గులాబీ వాసన.”

“ఏ గులాబీ? దర్గా మీద ఏసిందా, పెండ్లిల చల్లిన పన్నీరా?”

నేను మళ్లీ ఒక గుక్క తాగాను. నిజంగా ఆలోచించాల్సి వచ్చింది. “పన్నీరే. కానీ పెండ్లి అయిపోయి, అందరు పోయినంక సోఫాల మీద మిగిలిన వాసన.”

ఆపా కళ్లు మూసుకున్నారు. ముఖం మీద ఏదో కదిలింది. “ఆఁ” అన్నారు. “ఇగ చెప్పు.”

అట్లా మొదలైంది. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. అంకెలు మాట్లాడటం తెలుసుగానీ, నోట్లో ఉన్నదానికి మాట వెతకడం నాకు కొత్త. వెతికిన కొద్దీ అనుమానం పెరిగేది. నేను చెబుతున్నది కప్పులో ఉన్నదేనా, ఆమె ముఖం వికసించాలని అల్లుతున్నదా? పైగా ప్రతి కప్పులోనూ ఉన్న డాంబర్ గోలీని నేను దాటుకుంటూ వెళ్తున్నాను. కుంకుమపువ్వు చెప్పాను, బాదం చెప్పాను, బీరువా చెప్పలేదు.

ఒకరోజు మల్లె చాయ్ గురించి ఏదో చెబుతుంటే ఆపా చెయ్యెత్తి ఆపారు.

“నువ్వు అన్ని మంచియే చెప్తున్నవ్.”

“మంచిగనే ఉంది ఆపా.”

“డాక్టర్ గూడ గట్లనే అంటడు. అంతా మంచిగున్నది, పరేషాన్ గాకు అంటడు. నా బిడ్డ గూడ అంతే. ఎవ్వలు ఒక్క ఖరాబ్ మాట చెప్తలేరు నాకు. దాంతోనే నాకు సమజైంది, పని అయిపోతున్నదని.” కాసేపు ఊపిరి తీసుకున్నారు. “నువ్వు గూడ గిట్లనే జేస్తె, ఈ డబ్బాలల్ల ఏమున్నదో నాకు ఇగ ఎవ్వలు చెప్పాలె?”

నాలుక పోయిన మనిషికి, ఆమె ప్రాణంగా దాచుకున్నవాటి గురించి ఇప్పుడు ఇది చెప్పి ఏం సాధించాలి? చెప్పకపోతే మాత్రం నేను ఇంతకుముందు చెప్పినవన్నీ ఆమెకు డాక్టరు మాటల లెక్కన మిగిలిపోతాయి. కప్పు కింద పెట్టాను.

“డాంబర్ గోలీ వాసనొస్తది ఆపా.”

“దీంట్లనా?”

“అన్నిట్ల. పొగ చాయ్‌ల జెర తక్కువ.”

వంటింట్లోంచి కూతురు తొంగిచూసింది. “మేము దాని పేరే డాంబర్ చాయ్ అంటం అమ్మీ” అంది. నేను నవ్వబోయి ఆగాను. ఆపా నవ్వలేదు. బీరువా వైపు చూస్తూ కూర్చున్నారు.

“వచ్చినోళ్లందరు తాగిపోయిన్రు గదా” అన్నారు. “కంపెనీ గాలి పడొద్దని నేనే పెట్టిన అండ్ల.”

ఆ తర్వాతి ఆదివారం మెట్ల మీది నుంచి పిలుపు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కింద నా గదిలో కూర్చుని, పైన ఆమె నడిచే చప్పుడు వింటూ, చదువుకున్నదాన్ని, ఇంత ఇంగితం లేకపోయిందే అని నన్ను నేను తిట్టుకున్నాను. మళ్లీ అంతలోనే, ఆమె అడిగింది కదా అని సర్దిచెప్పుకున్నాను. ఏదీ నిలబడలేదు. నిజం చెప్పడం మంచిపనని పిల్లలకు సులువుగా చెబుతాం. ఎవరికి, ఏ స్థితిలో అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

తర్వాత ఒక పగలు ఆపా కూతురు వచ్చి, “డాబా మీదికి రమ్మంటున్నది” అంది. వెళ్లి చూస్తే డాబా నిండా పాత నూలు దుపట్టాలు పరచి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రకం చాయ్‌పత్తి. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాకులను అదిలించడానికి కర్ర పట్టుకుని ఆపా కూర్చున్నారు. ఆ రోజు గాలి మా వైపు నుంచి పాశమైలారం వైపు వీస్తోంది. దాని కోసమే ఇన్నాళ్లూ ఆగారట.

“వడియాల లెక్క ఆరేసిన సూడు” అన్నారు. “కూసో. ఒకటి అడగాలె. పన్నీరు వాసన అన్నవ్ గదా, సోఫాల మీద మిగిలిందని. అది నిజమేనా, నా కోసం అల్లినవా?”

నన్ను నేను అప్పటికి ఎన్నోసార్లు అడుక్కున్న ప్రశ్నే అది. జవాబు తెలియదనుకున్నాను. ఆమె అడిగేసరికి తెలిసింది.

“మాట నాదే ఆపా. వాసన మాత్రం కప్పుల ఉన్నదే.”

“డాంబర్ సంగతి చెప్పినవ్ గాబట్టి నమ్ముత” అన్నారు. కర్ర ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. “అయితే గులాబీ నాకు దక్కినట్టే ఇగ” అన్నారు.

ఎండకు డాంబర్ వాసన సగమే పోయింది. దాంతోపాటు గులాబీ కూడా సగం పోయింది. సాయంత్రం తాగి, ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఆ సగం ఎటుపోయింది?”

“పాశమైలారం దిక్కు.”

“పోనీ” అన్నారు ఆపా. “ఇన్నేండ్లు వాళ్లది మనం పీల్చినం. మనది వాళ్లను జెర పీల్చనీ.”

ఆ తర్వాత ఆదివారాలు మారిపోయాయి. ఒకటి ఎండుగడ్డిలా ఉందన్నాను. ఆపిల్‌ది తడిసిన గోనెసంచి అన్నాను. పొగ చాయ్ భానూర్‌లో మా నానమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని నన్ను తిట్టినట్టుందన్నాను. మంచి మాటల కంటే చెడ్డవి వింటున్నప్పుడే ఆమె ఎక్కువగా ముందుకు వంగేవారు. ఒక్కోసారి నా మాట సరిపోలేదనిపిస్తే, “మల్ల తాగు” అనేవారు. మింగడం కష్టమయ్యేదాకా తన కప్పు కూడా పోసుకునేవారు, చేతులకు వెచ్చగా ఉంటుందని.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి పంపుతారు. మూడోనాటి జియారత్ ప్రార్థనలకు వచ్చే ఆడవాళ్లకు చాయ్ నేను పెడతానన్నాను. పాలు తెచ్చిపెట్టుకున్నాను. అంతలో ఆపా కూతురు కిందికి వచ్చి, సీలు తీయని డబ్బా ఒకటి గట్టు మీద పెట్టింది. లారీ నడిపే పాత విద్యార్థి ఒకతను, ఆపా దవాఖానాలో ఉన్నప్పుడు ఇచ్చి వెళ్లాడట. ఆ డబ్బా బీరువా మొహం చూడలేదు. “ఇది పెట్టు అక్కా” అంది.

నేను పాలగిన్నెనూ డబ్బానూ చూస్తూ నిలబడ్డాను. సదాశివపేట నుంచీ, జహీరాబాద్ నుంచీ బస్సుల్లో వచ్చినవాళ్లు. ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయినవాళ్లు. పాలు లేని చాయ్ ఇస్తే ఏమనుకుంటారు? ఏమైనా అనుకోనీ అనిపించింది. నీళ్లు మసలకముందే దించాను.

పైగదిలో చాపల మీద కూర్చున్న ఆడవాళ్లకు కప్పులు అందించాను. ఒకామె లోపలికి చూసి, “పాలు ఒడిసినయా బిడ్డా?” అంది. “అమ్మీ చాయ్ ఖాలా. గిట్లనే తాగాలె” అంది ఆపా కూతురు. ఒక్కొక్కరే కప్పులు నోటికి ఎత్తారు.

“సోంపు ఏసిన్రా?” అంది ఒకామె.

“సోంపేడిది, నారింజ తొక్క.”

“నారింజ గాదు, అది మోసంబి. మా తమ్ముని దుకాణంల గిదే వాసన.”

“మీ తమ్ముడు మోసంబిలు కుళ్లినంక అమ్ముతడు. ఇది తాజాగున్నది.”

“యాలకులు గూడ ఉన్నయ్. ఆగు, ఇంకో గుక్క తాగి చెప్త.”

ఎవరో సన్నగా నవ్వి, తప్పు చేసినట్టు దుపట్టా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆపా కూతురు గోడకానుకుని, వాళ్లు చెబుతున్న ఒక్కో మాటా వింటోంది.

నేను ట్రే పట్టుకుని ఖాళీ కప్పులు ఏరుకుంటూ వెళ్లాను. మూలన ఒక ముసలామె, ఆపాతో ఒకే బడిలో పాఠాలు చెప్పినామె, కప్పును రెండు చేతుల్తో ముక్కుకు ఆనించుకుని కూర్చుంది. చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

“జెర ఉండనీ బిడ్డా” అంది, కళ్లు తెరవకుండానే. “ఇంకా ఉన్నది.”

కప్పులో ఒక్క చుక్క కూడా లేదు. నేను ముందుకు జరిగాను.