మామ గెలిచిన కుస్తీకి అవ్వ ఇచ్చిన కానుక

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినే మనిషీ, అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషీ ఒక్కరే. ఆయన మా చిన్నమామ, అమ్మకు తమ్ముడు. బెంగుళూరు పాతపేటలో, పగలంతా మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో మేము ఉండేవాళ్ళం. నాన్న బట్టల మిల్లులో పనిచేసేవారు. మామా, ఆయన్ని కన్న మా అవ్వా మాతోనే ఉండేవారు. మాది మూడు తరాలుగా క్రైస్తవ విశ్వాసుల కుటుంబం. పొద్దున కాఫీకి ముందు ప్రార్థన, బుధవారం ఇళ్ళలో కూడిక, ఆదివారం మందిరం. జ్వరం వచ్చినా ఇవి తప్పేవి కావు.

మామ ప్రార్థన ముగిసీ ముగియగానే లంగోటా చంకన పెట్టుకుని వెనక వీధిలోని గరడీకి పోయేవాడు. గరడీ అంటే కుస్తీ నేర్పే పెంకుల కొట్టం. మధ్యలో ఒక గొయ్యి, అందులో మజ్జిగా నూనే పసుపూ కలిపి మెత్తగా చేసిన ఎర్రమట్టి. అక్కడ గోడకు ఆంజనేయస్వామి పటం ఉండేది. మామ దానికి మొక్కేవాడు కాదు, నేర్పే వస్తాదు మొక్కమని అడిగేవాడూ కాదు. కానీ గోతిలోకి దిగేముందు వంగి మట్టి తాకి నుదుటికి పూసుకోవడం మాత్రం మామ ఏనాడూ మానలేదు. నన్ను గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. ఆడపిల్లను కదా. బయట నిలబడి ఆ మట్టి వాసన పీల్చుకుని వచ్చేదాన్ని.

ఆ రోజుల్లో హొసకోట, దేవనహళ్ళి వైపు జాతరలు జరిగితే కుస్తీ పోటీలు పెట్టేవారు. గెలిచినవాడికి ఒక తలపాగా గుడ్డ, మహా అయితే ఒక వెండి కడియం. గెలిచినవాడు తువ్వాలు పట్టుకుని జనం మధ్య తిరిగితే తోచిన చిల్లర వేసేవారు. మామ ఆ తువ్వాలును మూట విప్పకుండానే తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టేవాడు. ఎంత వచ్చిందిరా అని అవ్వ అడిగితే, "నాకేం తెల్సు మా? వాడు ఎట్ల పడినాడో అడుగు, చెప్తా" అనేవాడు. అవ్వ అందులోంచి పదోవంతు తీసి ఆదివారానికని పక్కన పెట్టేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక కాంట్రాక్టరు మామ కోసం మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. చేతికి మూడు ఉంగరాలు, నోట్లో ఎప్పుడూ పాన్. డేరాలు వేసి, కుర్చీలు పరిచి, గోడలకు బొమ్మల పోస్టర్లు అంటించి, టికెట్టు పెట్టి కుస్తీలు చూపించడం అతని వ్యాపారం. అక్కడ మట్టి ఉండదు. చెక్కల మీద కాన్వాసు గుడ్డ పరుస్తారు. ఏడాది తిరగకుండానే మామ ఒంటి మీదికి నైలాన్ చొక్కా వచ్చింది, చేతికి గడియారం వచ్చింది, నోటికి మాటలు కూడా వచ్చాయి. ఎవరు కుస్తీకి పిలిచినా ముందు "ఎంతిస్తారప్పా?" అని అడిగేవాడు. వస్తాదు కబురు పెడితే, "ఆ ముసలాయనకి మట్టి తప్ప ఏం తెల్సు? జనానికి కుస్తీ కాదక్కా, తమాషా కావాల" అని అమ్మతో అనేవాడు. మందిరానికి రెండు ఫ్యాన్లు కొనిచ్చాడు. అప్పట్నుంచి సంఘ పెద్ద మామను ముందు బెంచీలో కూర్చోబెట్టేవాడు.

ఒకసారి ఊరంతా పోస్టర్లు పడ్డాయి. మామకూ, 'ఉత్తరాది పులి' అనే ఒక గడ్డపు ఆసామికీ పోటీ అని. ఆ పులి ఇదివరకు ఇద్దరి వెన్నెముకలు విరిచాడని పోస్టరు మీదే రాసి ఉంది. నేను దాన్ని చదివి వినిపించాను. ఆ మాట విన్నప్పటి నుంచి అవ్వకు అన్నం సయించలేదు. పోటీ శనివారం సాయంత్రం. గురువారం నుంచే ఉపవాసం పట్టి, చాప మీద మోకాళ్ళూని కూర్చుంది. నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. కొడుకు ఎముకల్ని ఒక్కొక్కటిగా పేరుపెట్టి దేవుడికి అప్పజెప్పింది. మెడ, భుజం, నడుము, మోకాలు. నేను పక్కనే పడుకుని అదంతా విన్నాను.

శుక్రవారం బడి విడిచాక అమ్మ నా చేతికి క్యారియర్ ఇచ్చింది. అవ్వ ఉపవాసంలోనే లేచి గెలికిన రాగిసంకటి, మాంసం పులుసు. మామ సాధన చేసే పాత గోడౌనుకు తీసుకెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల మామా, ఆ గడ్డపు మనిషీ పట్టు పట్టి ఉన్నారు. పోస్టరు మీది వెన్నెముకలే గుర్తొచ్చాయి. అంతలో కాంట్రాక్టరు ఈల వేశాడు. ఇద్దరూ విడిపోయారు. "ఏమప్పా, పడేటప్పుడు నవ్వుతావు? చచ్చేవాడి మాదిరి పడు! ఇంకోసారి!" అని అరిచాడు. గడ్డపాయన మామను మెల్లగా ఎత్తాడు, పసిపిల్లను ఎత్తినట్టు. మామ తనంతట తనే ఎగిరి కాన్వాసు మీద దబ్బున పడ్డాడు. మూడోసారి పడినప్పుడు నుదుటి కట్టు కింద దాచుకున్న ఎర్రనీళ్ళ దూదిని ఎప్పుడు నొక్కుకోవాలో కూడా కాంట్రాక్టరు చూపించాడు. తర్వాత మామ లేవాలి, గెలవాలి.

నన్ను చూసి మామ ముఖం మాడింది. గడ్డపాయన మాత్రం క్యారియర్ చూసి సంతోషంగా వచ్చి కూర్చున్నాడు. "మాది హొసకోట పక్కనే పాపా. రాళ్ళు కొట్టేవాణ్ణి. గడ్డం పెంచితే ఉత్తరాదోడ్ని అయిపోయినా. ఎవురికీ చెప్పాకు, నా గడ్డం పోతాది" అని అచ్చం మా వీధివాళ్ళలాగే తెలుగులో మాట్లాడి పగలబడి నవ్వాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నారు. అవ్వ గెలికిన సంకటి.

"అవ్వ నిన్నటి నుంచి ఏం తిన్లేదు మామా" అన్నాను. మామ నములుతున్న నోరు ఒక్క క్షణం ఆగింది. "సుమ్నే ఊరికే ఉండు పాపా. ఇది యాపారం. నీకు తెలీదు" అన్నాడు. నా చేతిలో ఒక పావలా పెట్టాడు. నేను తీసుకున్నాను. దారిలో కొబ్బరి మిఠాయి కొనుక్కుని ఇంటికి చేరేలోపే తినేశాను. ఈ వయసులో రాస్తుంటే కూడా ఆ తీపి నోట్లోకి వస్తుంది.

శనివారం సాయంత్రం మామ మెడలో దండతో, నుదుటికి ఎర్రగా తడిసిన కట్టుతో, ఈలల మధ్య సందులోకి వచ్చాడు. అవ్వ చాప మీదనుంచి లేవలేకపోయింది. మామే వంగితే ఆ కట్టును రెండు చేతులతో తడిమి, ముద్దు పెట్టుకుని ఏడ్చింది. మామ "ఏం కాలేదు మా" అని గొణిగాడు. అది ఒక్కటే ఆ రోజు ఆయన చెప్పిన నిజం. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. దేవుడు మేలు చేశాడని తోచినవాళ్ళు కవరులో కానుక పెట్టి, ఏ మేలుకో పైన రాసి పళ్ళెంలో వేస్తారు. పాస్టరుగారు ఆ రాతను అందరి ముందూ చదివి ప్రార్థన చేస్తారు. ఆదివారం పొద్దున అవ్వ నన్ను పిలిచింది. అప్పటికే చూపు మసకబారి ఆమెకు అక్షరాలు అలుక్కుపోయేవి. కళ్ళద్దాలకని ఎన్నో నెలలుగా దాచుకున్న డబ్బంతా కవరులో పెట్టి, పైన ఏం రాయాలో చెప్పింది. నేను రాశాను. నా గుండ్రటి అక్షరాలతో, తప్పుల్లేకుండా.

పాస్టరుగారు చదివారు. "నా కొడుకు ప్రాణాన్ని పులి నోట్లోంచి తప్పించినందుకు ఒక తల్లి కృతజ్ఞత." మందిరమంతా స్తోత్రం అంది. "తమ్ముడు లేచి సాక్ష్యం చెప్పాల" అన్నారు పాస్టరుగారు.

మామ లేచాడు. తల వంచుకుని ముందు బెంచీని పట్టుకున్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకుని అందరూ ఓపిగ్గా చూశారు. తర్వాత పళ్ళెం దగ్గరికి నడిచి ఆ కవరు తీసుకున్నాడు. "అయ్యగారూ, ఇది చెల్లదు. నా ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ మనిషీ నేనూ ఒకే గిన్నెలో తిన్నాము. యాడ పడాల, ఎప్పుడు లేయాల, అన్నీ ముందే మాట్లాడుకున్నాము" అని నుదుటి కట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కింద గీత కూడా లేదు.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "ఏమప్పా ఇది, మందిరంలో గలాటా" అన్నారు. సంఘ పెద్ద గబగబా వచ్చి మామ భుజం పట్టుకున్నాడు. "కూర్చోప్పా, కూర్చో. ఇచ్చిన కానుక ఎనక్కి తీసుకోగూడదు. ఆ రాత కొట్టేసి మామూలు కానుక అని రాసుకుంటే సరిపోతాది. నీ ఫ్యాన్లు తిరగతానే ఉండాయి గదా, యాడ్నించి వచ్చినాయని ఎవురన్నా అడిగినారా?"

నాకు గోడౌనులో కలిగిన అసహ్యం ఒక ఎత్తు, ఈ మాట విన్నప్పుడు కలిగింది ఇంకో ఎత్తు. కాంట్రాక్టరు కనీసం డేరా వేసుకుని, టికెట్టు పెట్టి అబద్ధం అమ్మాడు. ఈయన దేవుడి సన్నిధిలో, తెల్లపంచెతో నిలబడి, అబద్ధాన్ని ఏ పేరుతో రాసుకుంటే చెల్లుతుందో వెతుకుతున్నాడు.

అవ్వ లేచింది. మూడు రోజుల ఉపవాసం మీద, బెంచీలు పట్టుకుంటూ ముందుకు నడిచి వెళ్ళి, మామ చేతిలోంచి కవరు తీసుకుంది. "తెలీక మోకాళ్ళూనినానయ్యా. దీన్ని మీ పుస్తకంలో ఏ పేరుతోనూ రాయొద్దండి" అంది పెద్దతో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు నిజంగా కొట్టించుకొనొచ్చింటే తట్టుకుందునురా" అంది. ఆరాధన చివర పాస్టరుగారు ఇచ్చే ఆశీర్వాదం కోసం ఆగకుండా బయటికి నడిచింది. అలా ఆమె ముందెన్నడూ వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం నేను పావలా సంగతి చెప్పాను. కొడతుందనుకున్నాను. అవ్వ నా వైపు తిరిగి, "నా పక్కలోనే పండుకుంటివే పాపా" అంది. ఆ మాట కన్నా దెబ్బే తేలికగా ఉండేది.

మామ మర్నాడు గడియారాన్నీ, తర్వాతి ఆటకని తీసుకున్న బయానానూ కాంట్రాక్టరుకు తిరిగిచ్చేశాడు. "నువ్వు పడతావనేరా నీకు దుడ్లిచ్చేది. నిజంగా కుస్తీ పట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉండారు, ఒకడికీ అన్నం పెట్టరు" అని అతను మా గుమ్మం ముందే పాన్ ఉమ్మి పోయాడు. ఆ ఎర్రటి మరకను అమ్మ కడుగుతుంటే మామ చెంబు తీసుకుని తనే కడిగాడు. మార్కెట్లో మూటలు మోసే పనిలో చేరాడు. గరడీకి పోతే వస్తాదు తిట్టలేదు, చేతికి పార ఇచ్చి నెలరోజులు మట్టి తిరగేయించాడు. సందులోవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి వదల్లేదు. "ఏం పైల్వాను, ఈసారి ఎంతకు పడతావు?" అనేవారు. ఆయన తల ఊపి గరడీ వైపు నడిచేవాడు.

అయితే డబ్బంటే తెలియని పాత మామ కూడా మళ్ళీ రాలేదు. మూటకు ఇంత అని ముందే మాట్లాడుకునేవాడు. కూలి తక్కువిస్తే షావుకారు కొట్టు ముందు నిలబడి గట్టిగా అడిగేవాడు. ఇంకా దుడ్ల యావ పోలేదా మామా అని నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ఎగతాళి చేశాను. "చెమటకు రేటు అడిగేది తప్పు కాదు పాపా. మా అమ్మ ఏడుపుకి టికెట్టు పెట్టినాను చూడు, అది తప్పు" అన్నాడు.

మామా లేడు, అవ్వా లేదు. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. పోయిన నెల మా అబ్బాయి కుటుంబం నన్ను ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక పెద్ద హాలులో జరిగే కూడికకు తీసుకెళ్ళింది. రంగురంగుల దీపాలు, తెరలు, కెమెరాలు. వేదిక మీద ఒకాయన స్వస్థత కోసం ప్రార్థన చేశాడు. కర్ర పట్టుకుని నడిచే నన్ను చూసి, మెడలో కార్డు వేసుకున్న ఒక కుర్రవాడు పక్కకు వచ్చాడు. "ఆంటీ, మోకాలు తగ్గిందని స్టేజీ మీద ఒక్క నిమిషం చెప్పండి. కర్ర మేం పట్టుకుంటాం. కొంచెం ఏడిస్తే ఇంకా బాగుంటుంది" అన్నాడు. వాడి మీద జాలి కలిగింది, వాడికి ఆ పని నేర్పినవాళ్ళ మీద అసహ్యం కలిగింది. నేను దేవుణ్ణి నమ్మడం మానలేదు. నమ్ముతాను కాబట్టే ఆయన పేరు మీద వేసే వేషాన్ని భరించలేను.

కుర్రవాడు నన్ను స్టేజీ మీదికి నడిపించి మైకు నా చేతికిచ్చాడు. కర్ర వదలకుండానే తీసుకున్నాను.

"మోకాలు నొప్పిగానే ఉంది బాబూ. దేవుడి కృప ఉంది, నొప్పీ ఉంది. రెండూ రాసుకో" అన్నాను.