చేతులూపుకుంటూ పోయిన సెట్టెమ్మ

మా అవ్వ రాజ్యలక్ష్మమ్మ కూర్చునే చోటి నుంచి పడుకునే చోటికి పందొమ్మిది అడుగులు. నేను లెక్కపెట్టాను. లెక్కల్లోనే రెండుసార్లు పదో తరగతి తప్పినదాన్ని కాబట్టి, నమ్మకం లేనివాళ్లు వచ్చి కొలుచుకోవచ్చు. పత్తికొండకు ఏడు కిలోమీటర్ల దూరంలో, బస్సు ఆగే చోట మా అంగడి. అంగడి వెనకే ఇల్లు. నలభై రెండేండ్లుగా మా అవ్వ లోకమంతా ఆ పందొమ్మిది అడుగులే.

అంగట్లో పీట మీద కూర్చుందంటే ఇక లేవదు. లేవాల్సిన అవసరం రాకుండా అన్నీ అమర్చుకుంది. పప్పుల డబ్బాలు కుడిచేతి కింద, ఉప్పూ చింతపండూ ఎడమచేతి కింద. పైన వేలాడే షాంపూ పొట్లాల కోసం పొడుగాటి దోటి ఒకటి. చెట్టు మీద కాయలు కోసినట్టు ఆ దోటితో లాగి, కింద పడకుండా ఒడిలో పట్టుకుంటుంది. మూటలు మోసే పని మా తాత నాగసుబ్బయ్యది. తూకం మాత్రం అవ్వదే. కరెంటు కాటా వచ్చాక కూడా అంకె సరిగ్గా పడిన తర్వాత ఇంకో నాలుగు గింజలు వేస్తుంది. మా ఊళ్లో ఎవరికైనా మాట మీద నమ్మకం కలిగించాలంటే "సెట్టెమ్మ తూకమప్పా" అంటారు. ఒట్టు వేసినంత.

అలాంటి మనిషికి తలవంపులు తెచ్చింది నేనే. ఎలాగో చెబుతాను.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. విరిగిన సూదిని డబ్బాలో వేయకుండా కింద పడేసే పాడు అలవాటు ఉండేది. ఒక శుక్రవారం అవ్వ కాళ్లకు పసుపు రాస్తుంటే మడమలో ఏదో తళుక్కుమంది. చూస్తే సగం సూది.

"అవ్వా, నొప్పి లేదా?"

"ఏం నొప్పి?"

నేను నవ్వాను. "నీది కాలు కాదవ్వా, ఎద్దు గిట్ట. నాడా కొట్టించొచ్చు" అన్నాను. అవ్వ నవ్వలేదు. సూదిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆదోనిలో ఆమె చెల్లెలికి కూడా ఇలాగే మొదలైంది. ముల్లు దిగితే తెలియలేదు, పుండు పడితే తెలియలేదు. చివరికి రెండు వేళ్లు తీసేశారు.

మా ఊరి క్లినిక్‌లో నర్సు కృపమణి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా రోజుల్లో ఊరిని కసురుతుంది. అవ్వ వేలు గుచ్చి చూస్తే షుగరు రెండు వందల ఎనభై ఆరు ఉంది.

"సెట్టెమ్మా, మాత్రలు నేనిస్తా. నడక మాత్రం నా దగ్గర దొరకదు, మీ అంగట్లోనూ దొరకదు. దినాము నలభై నిమిషాలు నువ్వే నడవల్ల."

"ఇంట్లో తిరుగుతాండా కదమ్మా."

"యాడ తిరుగుతాండావు? దోటి తిరుగుతాండాది, నువ్వు కాదు. పొద్దున ఆరుకు హైస్కూలు మైదానానికి రా. ఆడోళ్లందరినీ పిలిచినా. కాళ్లకు చెప్పులు చాలవు, బూట్లేసుకో. చేతిలో ఏమీ పెట్టుకోకుండా, చేతులూపుకుంటా బిరబిరా నడవల్ల. నడిచినాంక రింగాట ఆడుకుందాము."

"ఎంతమంది వస్తాండారు?" అని నేను అడిగాను.

కృపమణి బల్ల మీదున్న ఆట రబ్బరు రింగు తీసి వేలికి తిప్పుకుంటూ, "ఇప్పటికి నేనొక్కదాన్నే" అంది. "దినమంతా కలుపు తీసేవాండ్లం, మాకెందుకు నడక అంటారు. కూర్చొని ఉండేవాండ్లు సిగ్గంటారు. సెట్టెమ్మ వస్తే నలుగురొస్తారు."

ఇంటికి వచ్చేదాకా అవ్వ ఆ ఒక్క మాటే గొణుక్కుంది. "చేతులూపుకుంటానా? నేనా?"

మా వైపు అది తిట్టు. పండో పువ్వో తీసుకురాకుండా చుట్టం వస్తే "చేతులూపుకుంటా వచ్చినాడు" అంటారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అవ్వకు ఆమె అత్త చెప్పిన మొదటి పాఠం కూడా అదే. వాకిట్లోంచి పెరట్లోకి పోతే ఒక గిన్నె పట్టుకుని పోవాలి, వస్తూ ఒక కట్టెపుల్లయినా తేవాలి. ఉత్త చేతులు కనిపించకూడదు. తాత ఇంకో అడుగు ముందుకు వేశాడు. "సెట్టి పెండ్లాము చేతులూపుకుంటా రోడ్డెక్కితే, అంగడి ఎత్తేసినారంటారు" అన్నాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది.

"అవ్వా, బిందె ఎత్తుకో. చంకలో బిందె ఉంటే యాడికి పోతాండావని ఎవరూ అడగరు. ఫిల్టరు నీళ్లకనుకుంటారు."

"నిండు బిందె నేను మోయగలనా?"

"ఎవరు మోయమన్నారు? ఖాళీదే."

స్టీలు బిందె తోమి ఇచ్చాను. కాళ్లకు చెప్పులు చాలవని కృపమణి అన్నది కదా, నా పదో తరగతి తెల్ల బూట్లు తొడిగాను. నన్ను పాసు చేయించలేకపోయిన బూట్లు అవ్వకు సరిగ్గా సరిపోయాయి. చీర కుచ్చిళ్లు కిందికి దించి వాటిని దాచుకుంది. చివరగా బిందె మీద ఒక మూత పెట్టాను.

"మూతెందుకే?"

"ఖాళీ బిందె ఎదురొస్తే జనాలు తిట్టరా? మూత ఉంటే నిండుదనుకుంటారు."

అవ్వ మూత వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయి మానుకుంది. అప్పుడే ఆమె అని ఉంటే బాగుండేది. నేను ఆగి ఉంటే ఇంకా బాగుండేది.

ఐదు రోజులు ఏ గొడవా లేదు. అవ్వ మైదానం గేటు దాకా పోయేది. లోపల కృపమణి ఒక్కతే గిరగిరా తిరుగుతుంటే చూసి, బిందెతో వెనక్కి వచ్చేది. లోపలికి మాత్రం పోయేది కాదు. నేను పది అడుగులు వెనక నడుస్తూ నవ్వు ఆపుకునేదాన్ని.

ఆరో రోజు ఊరి మలుపు దగ్గర బొజ్జన్న టమాటా బండి ఎదురైంది. బొజ్జన్నకు రెండెకరాల టమాటా తోట. పొద్దున్నే కోసి, పెట్టెలకెత్తి, భార్య ఈరమ్మతో కలిసి పత్తికొండ మార్కెట్‌కు బయలుదేరతాడు. అవ్వ చంకలో మూత బిందె చూసి బండి ఆపి చేతులు జోడించాడు.

"నిండు బిందె ఎదురొచ్చినావు తల్లీ. ఈ పొద్దు మంచిదే."

ఆ రోజు పెట్టె ఐదు నూర్లు పలికింది. తర్వాతి రోజు ఐదున్నర. ఇక చూసుకోండి. లోడు ఎప్పుడు పూర్తయినా సరే, బొజ్జన్న సెట్టెమ్మ వచ్చేదాకా మలుపు దగ్గర ఇంజను ఆపుకుని ఉండేవాడు. ఆయన్ని చూసి ఇంకో రెండు బండ్లు కూడా ఆగసాగాయి. అవ్వ వస్తే ముగ్గురూ దండం పెట్టేవాళ్లు. నాకు పొట్ట చెక్కలయ్యేది. అవ్వకు మాత్రం రోజురోజుకూ తల కిందికి దిగేది.

"వద్దే పాపా, ఇది తప్పు. ఆయప్ప నమ్మి దండం పెడతాండాడు."

"నువ్వేమన్నా నిండుదని చెప్పినావా అవ్వా? వాండ్లే అనుకుంటాండారు."

పదకొండో రోజు బొజ్జన్న బండి దిగి వచ్చాడు. చేతిలో సంచి. అందులో ఏరి పెట్టిన టమాటాలు, ఒక్క మచ్చ లేనివి. "నీ బిందె చలువ సెట్టెమ్మా. కాదనకుండా తీసుకోవల్ల" అని అందించాడు.

ఇచ్చినదాన్ని ఒక చేత్తో అందుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. అవ్వ రెండు చేతులూ చాచింది. బిందె జారింది.

ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. టంగుమని పడి, దొర్లి, రాయికి తగిలి, మళ్లీ టంగుమంది. మూత ఇంకోవైపు దొర్లిపోయి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. రోడ్డు మీద ఒక్క చుక్క తడి లేదు. బొజ్జన్న బిందెలోకి వంగి చూశాడు. తర్వాత అవ్వ వైపు చూశాడు. సంచి అవ్వ చేతుల్లోనే ఉండిపోయింది. శకునం చెడిందని బండ్లవాళ్లు ముగ్గురూ బండ్లు పక్కకు పెట్టి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయలుదేరారు.

ఆ రోజే ధర పడిపోయింది. పెట్టె అరవై. మధ్యాహ్నానికల్లా రోడ్డు పక్కన ఎర్రటి కుప్పలు, వాటి మీద మేకలు. సాయంత్రానికి ఊరంతా బిందె కథే. తిట్టినవాళ్లకంటే నవ్వినవాళ్లే ఎక్కువ. అవ్వ యథాప్రకారం పీట మీదే కూర్చుంది. ఒకామె కిలో కందిపప్పు అడిగింది. అవ్వ డబ్బా మూత తీసి తూచబోతుంటే ఆమె నవ్వుతూనే అంది.

"నిండా తూచు సెట్టెమ్మా."

పరాచికమే. కానీ నలభై రెండేండ్లలో ఎవరూ అనని మాట. అవ్వ పప్పు తూచి ఇచ్చింది. ఇంకో నాలుగు గింజలు కూడా వేసింది. తర్వాత లేచి, ఆ పందొమ్మిది అడుగులూ నడిచి లోపల గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను అక్కడే ఉన్నాను. మూత పెట్టింది నేనే అని ఒక్క మాట అనలేదు. షాంపూ పొట్లాలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆ పొట్లాల దండ ఇప్పుడు చూసినా నా మొహం మండుతుంది.

వారం రోజులు అవ్వ అంగట్లోకి రాలేదు. తాత తూచాడు. ఎనిమిదో రోజు కృపమణి తనే ఇంటికి వచ్చింది. షుగరు మూడు వందల ఒకటి. దూదిని సన్నగా పేని అవ్వ కాలి బొటనవేలికి తాకించింది.

"తెలుస్తాండాదా?"

"లే."

"ఇప్పుడు?"

"లేదమ్మా."

కృపమణి దూది పక్కన పడేసింది. "సెట్టెమ్మా, ఊరోళ్లు నాలుగు దినాలు నవ్వుతారు. నాకు చూడు, ఒక్కదాన్నే మైదానంలో తిరుగుతాంటే పిచ్చి నర్సనే పేరొచ్చింది. పోయిన పరువు తిరిగొస్తాది. పోయిన వేలు రాదు" అని వెళ్లిపోయింది.

అవ్వ తన కాళ్లు తానే చూసుకుంటూ కూర్చుంది. నేను ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను.

"అవ్వా, మూత పెట్టింది నేను."

"తెలుసు. ఎత్తుకుని పోయింది నేను కదా."

"సూది గూడా నాదే."

"అదీ తెలుసు. ఈ ఇంట్లో ఇంకెవరు పడేస్తారు?"

తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం దిగేది.

మర్నాడు పొద్దున లేచేసరికి అవ్వ బూట్లు తొడుక్కుంటోంది. బిందె ముట్టుకోలేదు. నేను అలవాటు కొద్దీ పది అడుగులు వెనక నడవబోతే "పక్కన రా" అంది. నడిచాం. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కట్టుకుంది, కాసేపు కొంగులో దాచుకుంది. చలి కూడా లేదు. మలుపు దగ్గర బొజ్జన్న పెట్టెల మీద తాడు బిగిస్తున్నాడు. ఈరమ్మ బండి మీద కూర్చుని ఉంది. అవ్వ నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడింది.

"బొజ్జన్నా, ఆ బిందె పడిన పొద్దు ఒక్కటే కాదప్పా ఖాళీ. మొదటి నుంచీ ఖాళీనే. నడవల్లని చెప్పినారు నాకు. ఉత్త చేతుల్తో నడిచేదానికి సిగ్గయి బిందె ఎత్తుకున్నా. ఖాళీది నిండుదని చూపించినా. నువ్వు దండం పెడతాంటే నోరు మూసుకోని తీసుకున్నా. తప్పయింది."

బొజ్జన్న తాడు వదల్లేదు. మాట్లాడింది ఈరమ్మ.

"ఉండుండు సెట్టెమ్మా. పెట్టె ఐదున్నర నూర్లు పలికిన పొద్దు గూడా ఖాళీనేనా?"

"ఖాళీనే."

"విన్నావా ఏమప్పా?" అని ఈరమ్మ మొగుడి వీపు మీద చిన్న కాయతో కొట్టింది. "వారం దినాల నుంచి నా ప్రాణం తింటాండాడు, ఆయమ్మ బిందె, ఆయమ్మ బిందె అని. ధరలకు బిందెలో ఏముండాదో కనపడతాదా?"

బొజ్జన్నకు నవ్వు రాలేదు. చాలా నష్టపోయినవాడు, ఎలా వస్తుంది? తాడు ముడి వేసి, అవ్వ తెల్ల బూట్లు చూసి, ఉత్త చేతులు చూసి, తల గోక్కున్నాడు.

"నడవల్లంటే నడువు తల్లీ, ఎవరొద్దన్నారు? కానీ ఉత్త చేతులు ఎదురొస్తే ఏ శకునమో నాకు తెలీదే."

"శకునం కాదప్పా," అంది అవ్వ. "షుగరు."

ఈరమ్మ నవ్విన నవ్వుకు పెట్టెలోంచి రెండు కాయలు రాలాయి. బొజ్జన్న మాత్రం మేము మలుపు దాటేదాకా ఆగి, అప్పుడే ఇంజను స్టార్టు చేశాడు. ఎందుకైనా మంచిదని.

ఆ పొద్దు అవ్వ మొదటిసారి మైదానం గేటు దాటింది. కృపమణి ఏమీ అడగకుండా రింగు విసిరింది. అది అవ్వ భుజానికి తగిలి కింద పడింది. "చెప్పి వెయ్యల్ల కదమ్మా" అని విసుక్కుని, వంగలేక నన్ను తీయమంది. ఇప్పుడు అక్కడ తొమ్మిది మంది నడుస్తున్నారు. మార్కెట్ లేని రోజు ఈరమ్మ కూడా వస్తుంది. ఆమె విసిరితే రింగు చేతికి కాదు, మూతికి వస్తుంది. మూడు నెలల తర్వాత అవ్వ షుగరు నూట డెబ్బై. ఇంకా దిగాలట. బొటనవేలికి దూది ఇప్పటికీ తెలియడం లేదు. కానీ పుండు లేదు. వేళ్లు పదీ ఉన్నాయి, నేను రోజూ లెక్కపెడతాను. మిషను కింద ఇప్పుడు సూదుల డబ్బా ఉంది.

ఒక్కటే కుదరడం లేదు. నడిచేటప్పుడు అవ్వ కుడిచేయి గడియారం లోలకంలా బాగానే ఊగుతుంది. ఎడమచేయి మాత్రం కొంగు పట్టుకుని వదలదు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. నిన్న ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, సగం సిగ్గు పోయింది సరే. ఆ రెండో చెయ్యి ఎప్పుడు వదుల్తావు?"

అవ్వ నడక ఆపలేదు. నా వైపు చూడను కూడా లేదు.

"నువ్వు లెక్కలు పాసైన దినము" అంది.

మైదానం చుట్టూ ఇంకా మూడు సార్లు తిరగాల్సి ఉంది. తలొంచుకుని ఆమె వెనకే నడిచాను.